"మనోళ్ళేనా?" - అడగకుండా అడిగే ప్రశ్నలు

(హైదరాబాద్‌లో విశ్వవిద్యాలయ విద్యార్థుల అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"నేటి యువత, ఆధునిక జీవితం" అనే అంశం మీద మాట్లాడమన్నారు. ఈ అంశం చేతికిస్తే మా వయసు వాళ్ళు ముందుగా ఫోను మీద పడతారు. పిల్లలు తలెత్తి చూడటం లేదని, పుస్తకం పట్టడం లేదని, రాత్రి పన్నెండింటికి బిర్యానీ ఆర్డర్ పెడుతున్నారని. నాకు ఆ ఫిర్యాదులేవీ లేవు. ఆ ఫోనులో, ఆ బిర్యానీ పొట్లంలో, మీరు అద్దెకుంటున్న ఆ గదిలో మీతో పాటే కాపురముంటున్న ఒక పాత చుట్టం గురించి నాలుగు మాటలు చెప్తాను.

"మా తరం కులం అడగదు సార్" అని మీలో చాలామంది అంటుంటారు. నిజమే, ఒప్పుకుంటాను. కాలేజీ క్యాంటీన్లో గానీ, ఆఫీసు క్యాబులో గానీ "నీ కులమేంటి?" అని మొహం మీద అడిగేవాళ్ళు తగ్గిపోయారు. అలా అడగడం మోటు. చదువుకున్నవాళ్ళు అడిగే ప్రశ్నలు వేరే ఉన్నాయి. వాటిని ఇవాళ ఒక్కొక్కటే చూద్దాం. పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్ళు రాసుకోవచ్చు. సిలబస్‌లో లేవు గానీ, జీవితమంతా అడుగుతూనే ఉంటారు.

మొదటి ప్రశ్న: "పూర్తి పేరేంటి బ్రో?"

మీరు "కిరణ్" అంటారు. అవతలివాడికి తృప్తి ఉండదు. "కిరణ్ అంటే... కిరణ్ ఏంటి?" పేరు చివర రెడ్డో, చౌదరో, శర్మో ఉంటే విచారణ అక్కడితో ముగుస్తుంది. లేకపోతే ఇంటిపేరు మీదికి పోతుంది. మనం తెలుగువాళ్ళం ఇంటిపేరును ముందు పెట్టి, ఒక్క అక్షరానికి కుదించి పొదుపుగా బతుకుతాం. ఆ ఒక్క అక్షరం విప్పేదాకా మన తోటి తెలుగువాడికి నిద్ర పట్టదు. ఇంటిపేరు చెప్పినా తేలదు, ఎందుకంటే ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో ఉంటుంది. అప్పుడు "ఊరేది?" ఊరు చెప్పాక "ఊళ్ళో ఎటువైపు?" ఇంటికి పార్సిల్ పంపేవాడు కూడా అంత వివరం అడగడు. రామాలయం దగ్గరా, చర్చి వెనకా, కాలువ అవతలా అన్నది తేలాలి. మాలపల్లెను, మాదిగగూడెాన్ని ఊరికి ఎడంగా పెట్టిన పాతకాలపు సర్వే హైటెక్ సిటీలో ఇప్పటికీ అక్కరకొస్తోంది.

ఇదంతా పనిచెయ్యకపోతే ఆఖరి అస్త్రం ఒకటుంది: "మనోళ్ళేనా?" ఎంత ఆప్యాయంగా ఉంటుందో చూడండి. భాషాశాస్త్రం చదివే విద్యార్థులు ఇక్కడున్నారు కాబట్టి చెప్తున్నాను. తెలుగులో "మనం" వేరు, "మేం" వేరు. వినేవాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేం. ఇంగ్లీషుకీ, హిందీకీ ఈ సౌకర్యం లేదు. "మనోళ్ళేనా?" అన్న ప్రశ్నకు అర్థం, నిన్ను "మనం"లో కలపాలా, "మేం"కి అవతల నిలబెట్టాలా అని. వ్యాకరణం ఇచ్చిన అంత మంచి వసతిని మనవాళ్ళు వాడుకున్న తీరు ఇది.

రెండో ప్రశ్న: "ర్యాంకెంత?"

2023లో ఐఐటి బాంబే తన విద్యార్థులకు వివక్ష మీద మార్గదర్శకాలు ఇచ్చింది. తోటి విద్యార్థిని జెఇఇ అడ్వాన్స్‌డ్ ర్యాంకు గానీ, గేట్ స్కోరు గానీ, కులం బయటపడే మరే సంగతి గానీ అడగడం సరికాదని అందులో ఉంది. దేశంలోని గొప్ప ఇంజనీరింగ్ సంస్థ ఒకటి అంకె కూడా కులాన్ని అడగగలదని కాగితం మీద ఒప్పుకుంది. ఇంజనీర్లు కదా, కొలతల్లో పొరపాటు పడరు.

నాకు అర్థం కానిది ఒకటుంది. సీటు వచ్చేశాక ర్యాంకుతో ఎవరికేం పని? బస్సెక్కి కూర్చున్నాక టికెట్ చూపించమని కండక్టర్ అడగాలి గానీ పక్క సీటువాడు అడగడమేమిటి? ఇంకో విచిత్రం. లక్షలు కట్టి మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాడి ర్యాంకు ఎవరూ అడగరు. వాడి కారు ఏ మోడలని అడుగుతారు. మెరిట్ మీద అంత దిగులున్నవాళ్ళకు ఆ ఒక్క కోటా దగ్గర మాత్రం గుండె నిబ్బరంగా ఉంటుంది.

మూడో ప్రశ్న: "వెజ్జా, నాన్‌వెజ్జా?"

ఇది హైదరాబాద్‌లో గది వెతుక్కున్న ప్రతి ఒక్కరికీ తెలిసిన ప్రశ్న. అమీర్‌పేట, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో టు-లెట్ బోర్డుల కింద "శాకాహారులకు మాత్రమే" అని చూస్తుంటారు. 2014లో శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ చేసిన సర్వే ప్రకారం తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ 98 శాతం పైచిలుకు మాంసాహారులే. మరి ఈ బోర్డులన్నీ మిగిలిన ఆ కొద్దిమందివేనా? కావు. ఆదివారం నాటుకోడి పులుసు వండుకునే ఓనరు కూడా "మీరు వెజ్జే కదా?" అని అడుగుతాడు. ఆయనకు కోడి మీద కోపం లేదు. కూర పేరు అడిగితే కులం పేరు, మతం పేరు అడగకుండానే వస్తాయని ఆయనకు తెలుసు. దళితుడో, ముస్లిమో అని తేలాక మర్యాదగా ఒక మాట చెప్తాడు: "ఇప్పుడే ఎవరో అడ్వాన్స్ ఇచ్చి వెళ్ళారండీ." నగరంలో అడ్వాన్స్ ఇచ్చి కనిపించకుండా పోయే ఆ "ఎవరో" చాలా ధనవంతుడై ఉండాలి. ప్రతి ఖాళీ గదికీ అతనే అడ్వాన్స్ ఇచ్చి ఉంటాడు.

ఈ కథకు వందేళ్ళు దాటాయి. కొలంబియా, లండన్‌లలో చదివి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన అంబేడ్కర్‌కు ఊళ్ళో గది దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు మీద దిగాల్సి వచ్చింది. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించారు. ఆశ్రయం ఇవ్వమని ఇద్దరు మిత్రులను అడిగితే ఇద్దరూ ఏదో ఒక సాకు చెప్పారు. ఈ సంగతి "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఆయనే రాసుకున్నారు. తర్వాత ఆయనే ముందు నిలిచి రూపొందించిన రాజ్యాంగం 15వ అధికరణలో దుకాణాల్లోకి, హోటళ్ళలోకి, బావుల దగ్గరికి వెళ్ళడానికి ఎవరికీ అడ్డు ఉండకూడదని రాసింది. అద్దె ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఓనరు ఇష్టం" అనే మాట ఇంకా బతికే ఉంది. ఒక మతంవారికే సభ్యత్వం ఇచ్చే హౌసింగ్ సొసైటీ నియమాన్ని 2005లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. బరోడా సత్రం ఇప్పుడు గేటెడ్ కమ్యూనిటీ అయింది. కర్ర స్థానంలో వాట్సాప్ గ్రూపు వచ్చింది.

ఇక పొట్లం సంగతి. 2024 మార్చిలో జొమాటో "ప్యూర్ వెజ్" కోసం విడిగా డెలివరీ బృందాన్ని, ఆకుపచ్చ చొక్కాలను ప్రకటించింది. విమర్శలొచ్చి మర్నాటికే ఆకుపచ్చ చొక్కాను వెనక్కి తీసుకుంది. ఆలోచించండి. అన్నం డబ్బాలో ఉంటుంది, డబ్బా సంచిలో ఉంటుంది, సంచి పెట్టెలో ఉంటుంది, పెట్టె బండి మీద ఉంటుంది. ఇన్ని గోడలు దాటి ఒక కూర వాసన ఇంకో కూరను మైల చెయ్యగలదన్న నమ్మకం యాప్‌లోకి ఎలా వచ్చింది? మా అమ్మమ్మల కాలంలో ఎత్తునుంచి దోసిట్లో నీళ్ళు పోసేవారు. ఇప్పుడు దానికి ఒక బటన్ పెట్టారు. ఎండలో బండి నడిపే కుర్రాడి చొక్కా రంగు చూసి వాచ్‌మన్ ఏ గేటు తెరుస్తాడో, ఎవర్ని ఆపుతాడో ఆ బటన్ తయారుచేసినవాళ్ళకు తట్టలేదు.

నాలుగోది ప్రశ్న కూడా కాదు, ఫిల్టర్. పెళ్ళి.

పూర్వం ఊరికొక పెళ్ళిళ్ళ పేరయ్య ఉండేవాడు. గొడుగు, సంచీ, నాలుగు జాతకాలు. ఇప్పుడాయన సర్వర్లో కూర్చున్నాడు. జీతం, ఎత్తు, వీసా, కులం, ఉపకులం, శాఖ, గోత్రం, అన్నీ టిక్కులే. "కుల పట్టింపు లేదు" అని కొందరు రాస్తారు. చాలా సంతోషం. ఆ వెంటనే "ఎస్సీ, ఎస్టీలు తప్ప" అని కలుపుతారు. కులం పట్టించుకోనంటూనే ఎంత జాగ్రత్తగా పట్టించుకున్నారో చూడండి. డేటింగ్ యాప్‌లో మూడు నెలలు రాత్రింబవళ్ళు మాట్లాడుకుని, సినిమాలు చూసి, గోవా వెళ్ళొచ్చి, చివరికి "ఇంట్లో ఒప్పుకోరు" అని చెప్పే వీరులు మీ స్నేహితుల్లో ఉంటారు. ఆ మూడు నెలలూ ఇల్లు ఎక్కడికి పోయిందో!

1916లో, ఇరవై అయిదేళ్ళ వయసులో, కొలంబియా విశ్వవిద్యాలయ సెమినార్లో చదివిన వ్యాసంలో అంబేడ్కర్ కులానికి మూలం సొంత కులంలోనే పెళ్ళి చేసుకునే ఆచారమని తేల్చారు. ఆ వయసులో మనం ప్రొఫైల్ ఫోటో మారుస్తుంటాం. దాదాపు వందేళ్ళ తర్వాత, 2011-12లో జరిగిన ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వేలో కులాంతర వివాహాలు అయిదు శాతం దగ్గరే ఉన్నాయి. మధ్యలో రైళ్ళు, రేడియో, టీవీ, ఇంటర్నెట్ వచ్చాయి. తొంభై అయిదు మంది మాత్రం అదే పందిట్లో కూర్చున్నారు.

ఇక్కడ నవ్వు ఆపాలి. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించుకుని బయటికి వస్తున్న దళిత యువకుణ్ణి నరికి చంపారు. ఇద్దరూ మీ వయసువాళ్ళే. ఆ కిరాయి ఇచ్చినవాడు అమ్మాయి తండ్రి. కోర్టు తీర్పు రావడానికి 2025 మార్చి అయింది. "నేను కులం చూడను" అనే మాట చాలా తేలికైనది. ఆ మాటను నిజంగా ఆచరించినవాళ్ళు చెల్లించిన మూల్యం అది.

అమెరికా వెళ్తే ఇవన్నీ పోతాయనుకునేవాళ్ళకు ఒక కబురు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అది. మనం అక్కడ లేకపోతే ఆ అవసరం వాళ్ళకు వచ్చేది కాదు. ఆ ఏడాదే కాలిఫోర్నియాలో అలాంటి బిల్లు చట్టసభ దాటింది గానీ గవర్నరు సంతకం పెట్టలేదు. ఆవకాయ జాడీతో పాటు మనవాళ్ళు ఇంకేం మోసుకెళ్ళారో కస్టమ్స్ వాళ్ళు పట్టుకోలేకపోయారు.

ఇప్పటిదాకా వాళ్ళ గురించి చెప్పాను, మీరు చప్పట్లు కొట్టారు. మన గురించి కూడా చెప్పుకోవాలి. బైకు మీద నీలం రంగు జై భీమ్ స్టిక్కర్ అంటించుకున్న కుర్రాడు, చెల్లెలు పక్క ఉపకులం అబ్బాయిని ఇష్టపడిందని తెలిస్తే ఎలా మాట్లాడతాడో నాకు తెలుసు, మీకూ తెలుసు. మాల, మాదిగల మధ్య వర్గీకరణ మీద 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తీర్పు మీద వాదించుకోండి, అది మన హక్కు. కానీ ఆ వాదన పూర్తయ్యాక ఒకరి ఇంట్లో ఒకరు అన్నం తిని, ఒకరి ఇంటికి ఒకరు పిల్లనివ్వగలుగుతున్నామా? మెట్ల మీద మెట్లుగా పేర్చిన అసమానతలో, ప్రతివాడికీ కింద ఇంకొకడు ఉన్నాడన్న తృప్తే ఆ మెట్లను నిలబెడుతుందని బాబాసాహెబ్ చెప్పింది పైవాళ్ళ గురించి మాత్రమే కాదు. "మనోళ్ళేనా?" అని మన హాస్టల్ గదుల్లోనూ వినబడుతోంది.

ఈ ప్రశ్నల ఖరీదు ఎవరు కడుతున్నారో కూడా చూడండి. కొంతమందికి ఇవి ప్రశ్నల్లాగే వినబడవు. పూర్తి పేరు అడిగితే పూర్తి పేరు చెప్తారు, అంతే. తమకు కులం లేదని వాళ్ళు నిజాయితీగానే నమ్ముతారు. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన అమ్మాయి మాత్రం ప్రతి చిన్న మాటకూ ముందు లెక్క వేసుకోవాలి. ఏ ఊరని చెప్పాలి, నాన్న ఏం చేస్తాడని చెప్పాలి, టిఫిన్ డబ్బా ఎక్కడ విప్పాలి. భౌతికశాస్త్రానికో, కవిత్వానికో ఖర్చు కావలసిన తెలివి ఈ జవాబుల తయారీలో ఖర్చవుతోంది. ఆ నష్టం ఏ మార్కుల జాబితాలోనూ కనబడదు.

అందుకే మూడు చిన్న పనులు చెప్తాను. ఎవరైనా "పూర్తి పేరేంటి?" అంటే, నవ్వుతూనే "ఎందుకు బ్రో?" అని అడగండి. జవాబు కోసం ఆగండి. ఆ నిశ్శబ్దం చాలా చదువు చెప్తుంది. రెండోది, మీకు గది దొరికి, మీ మిత్రుడికి అదే ఇంట్లో దొరకకపోతే, ఆ అడ్వాన్స్ మీరూ వెనక్కి తీసుకోండి. బరోడాలో ఆ ఇద్దరు మిత్రుల్లో ఒక్కరు తలుపు తీసి ఉంటే ఆ రాత్రి వేరుగా ఉండేది.

మూడోది ముఖ్యమైనది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకోవాలంటే ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఫోనుకు మూడు తాళాలు వేసుకునే ఈ కాలంలో, ఆ ఇద్దరి పేర్లు మాత్రం రిజిస్ట్రారు ఆఫీసు గోడ మీద అందరికీ కనబడేలా అంటిస్తారు. ఆ ముప్ఫై రోజులు వాళ్ళకు భయంగా ఉంటుంది. పెళ్ళినాడు సంతకం పెట్టడానికి ముగ్గురు సాక్షులు కావాలి. చాలామందికి ఆ ముగ్గురు దొరకరు. మీ క్లాసులో ఎవరికైనా ఆ అవసరం వస్తే, ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని, పొద్దున్నే ఆ ఆఫీసు దగ్గరికి వెళ్ళండి. ముగ్గురిలో ఒకరు మీరు కండి.

జై భీమ్.