నడుమ వినిపించే సంగీతం
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



రేడియో అనగానే మనకు గుర్తొచ్చేది పొద్దున్నే వినిపించే ఆకాశవాణి సంకేత సంగీతం. 1934లో ఐరోపా నుండి బొంబాయి చేరిన యూదు సంగీతజ్ఞుడు వాల్టర్ కాఫ్‌మన్ దాన్ని కూర్చారు. శివరంజని రాగచ్ఛాయలో సాగే ఆ వయొలిన్ వినిపిస్తేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. 1963లో కడప కేంద్రం, 1991లో అనంతపురం కేంద్రం వచ్చాయి. రేడియో మన ఇంటి మనిషైంది.

అయితే నేను చెప్పదలచింది మాటల కార్యక్రమాల్లో, ఒక ప్రసంగానికీ మరొకదానికీ నడుమ వచ్చే చిన్న వాద్యసంగీతం గురించి. అది కాలక్షేపం కాదని ఒక తప్పు చేసి తెలుసుకొన్నాను.

ఉద్యోగంలో ఉండగా ఒకసారి రైతుల కార్యక్రమంలో వేరుశెనగ గురించి మాట్లాడాను. ఎకరాకు 200 కిలోల జిప్సం పూత సమయంలో వేయాలన్నది సారాంశం. సమయం చాలక, "చివర సంగీతం తీసేయండి, ఆ అరనిమిషం నాకివ్వండి" అని బతిమాలి తీసుకొన్నాను. నా మాట ముగియగానే చీనీతోటల ప్రసంగం మొదలైంది. అందులో ఎరువు నీళ్ళు పెట్టే ముందు వేయమన్నారు.

తర్వాత ఒక పల్లెకు వెళితే ఓ రైతు పీకిన చెట్టు చూపించాడు. కాయల్లో గింజ నిండలేదు.

"ఏం రెడ్డీ, జిప్సం వేయలేదా?" అన్నాను.

"నీళ్ళుంటేనే వేయమంటిరి కద సార్! వాన కోసం కాసుకొని ఉంటిమి. అంతలోకే పూత దాటిపాయ" అన్నాడు.

రెండు ప్రసంగాలూ అతని చెవిలో ఒకటైపోయాయి. బావిలేని మెట్టచేను అతనిది. నేను మిగుల్చుకొన్న అరనిమిషం అతని పంటను దెబ్బతీసింది.

మిత్రులారా, మన సమావేశాల్లోనూ అదే చేస్తున్నాం. సంతాప తీర్మానం కాగానే కరువు భత్యం, దాని వెంటే జీవన ప్రమాణపత్రం, వైద్య బిల్లులు! పోయినసారి ఒక సోదరి రెండు గడువులనూ తారుమారుగా రాసుకొన్నారు. అందుకే నా మనవి: ఒక్కో అంశం తర్వాత అరనిమిషం వీణో, వేణువో వినిపిద్దాం. విన్నది మనసులో కుదురుకొంటుంది, కాగితం మీదికీ ఎక్కుతుంది. పోయిన మిత్రుణ్ణి తలచుకోవడానికీ ఆ కాస్త వ్యవధి కావాలి.