చేసి తెలిసికొన్న శాస్త్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ప్రసంగ పాఠము)



ఛాందోగ్యోపనిషత్తునందు ఉద్దాలకుడను తండ్రియు, శ్వేతకేతువను కుమారుడును కలరు. కుమారుడు పండ్రెండేండ్ల వయస్సున గురుకులమునకు పోయి, ఇరువది నాలుగవ యేట సమస్త వేదములను పఠించి, తనంతవాడు లేడను గర్వముతో ఇల్లు చేరెను. తండ్రి అతనిని మరల పాఠము వల్లింపుమనలేదు. మఱ్ఱిపండు తెమ్మనెను, పగులగొట్టుమనెను, లోపలి సన్నని గింజను సైతము చీల్చి చూడుమనెను. మఱియొకసారి ఉప్పును నీటిలో వేయించి, మఱునాడుదయమున దానిని తిరిగి తెమ్మనెను. ఉప్పు చేతికి దొరకలేదు. అప్పుడు పైనీరు, నడిమినీరు, అడుగునీరు వేర్వేరుగ రుచి చూపించెను. మూడు చోట్లను ఉప్పే.

ఆ తండ్రి బోధింపదలచినది బ్రహ్మవిద్య. పాఠశాలలో నేర్పునది పదార్థవిద్య. గమ్యములు వేఱైనను మార్గమొక్కటే. కంటికి కానరానిదానిని తెలిసికొనుటకు సైతము శిష్యుని చేతికి, కంటికి, నాలుకకు పని కల్పించుటయే ఆ మార్గము.

నేటి పాఠ్యపుస్తకమున 'ఉప్పు నీటిలో కరుగును' అని యుండును. విద్యార్థి దానిని కంఠస్థము చేయును, పరీక్షలో వ్రాయును, మార్కులు తెచ్చుకొనును. కాని ఎంత నీటిలో ఎంత ఉప్పు కరుగునని అడిగినచో మౌనము వహించును. వేడి చేసిన ఇంకను ఎక్కువ కరుగునా యని అడిగినచో, కరుగునని ఊహించి చెప్పును. నూరు గ్రాముల చన్నీటిలో సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగును. ఆ నీటిని మరిగించినను ఆ లెక్క 39 గ్రాముల దరిదాపులనే ఆగిపోవును. పంచదార అట్లు కాదు. అది చన్నీటిలో సుమారు 200 గ్రాములు కరుగగా, మరుగునీటిలో అందుకు రెట్టింపునకు మించి కరుగును. రెండును వంటింటి దినుసులే. స్వభావములు మాత్రము వేఱు. త్రాసు పట్టి తూచి చూచిన బాలునకు ఈ భేదము జన్మమున మరపు రాదు. పుస్తకమున చదివినవానికి పరీక్ష మఱునాడే మరపునకు వచ్చును.

అడంగలులో వరి యని వ్రాసినంతమాత్రమున పొలమున వరి పండదు. అజమాయిషీకి గట్టుమీదికి పోవలెను, పైరును చూడవలెను, పిమ్మట వ్రాయవలెను. ఇంట కూర్చుండి వ్రాసిన లెక్క ఎంత చక్కని దస్తూరీతో నున్నను అది లెక్క కాదు. శాస్త్రవిద్యయు నట్టిదే.

ఈ మాట కేవలము ఆదర్శమని కొందఱనవచ్చును. పల్లెటూరి బడులలో ప్రయోగశాల యెక్కడ, ధనమెక్కడ అని ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్నకు మధ్యప్రదేశమునందలి హోషంగాబాదు జిల్లా సమాధానము చెప్పినది. నర్మదాతీరమున నున్న ఆ జిల్లాకు ఇప్పటి పేరు నర్మదాపురము. 1972 లో రసూలియా గ్రామమందలి ఫ్రెండ్స్ రూరల్ సెంటరును, కిశోర భారతి యను సంస్థయు ప్రభుత్వానుమతితో 16 గ్రామీణ మాధ్యమిక పాఠశాలలలో కొత్త పద్ధతిని ప్రారంభించినవి. ఆఱవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు గల పిల్లలు నలుగురేసి జట్టుగ కూర్చుండి ప్రయోగములు తామే చేయుదురు. కనిన దానిని వ్రాసికొందురు. జట్టుకొక విధముగ ఫలితము వచ్చినచో ఏల వచ్చెనో చర్చింతురు. వారి పుస్తకమునకు 'బాల వైజ్ఞానిక్' అని పేరు. అది జవాబులు ముందుగ చెప్పెడి పుస్తకము కాదు; చేయవలసిన పనులను, అడుగవలసిన ప్రశ్నలను చూపెడి పుస్తకము.

వారు అంతటితో ఆగలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయమునుండియు, బొంబాయి టాటా పరిశోధన సంస్థనుండియు శాస్త్రజ్ఞులు వచ్చి, పల్లె బడిపంతుళ్లతో కలిసి కూర్చుండి శిక్షణమున తోడ్పడిరి. పరీక్షనే మార్చిరి. పుస్తకము తెఱచుకొని వ్రాయవచ్చును. చేతితో ప్రయోగము చేసి చూపవలెను. పరీక్ష మారనిచో చదువు మారదను సత్యమును వారు గ్రహించిరి. పిల్లలు తమ సందేహములను 'సవాలీరామ్' అను కల్పిత పురుషునకు ఉత్తరములు వ్రాయగా, వానికి జవాబులు వచ్చుచుండెడివి. 1978 లో ఆ పద్ధతి జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నిటికిని వ్యాపించెను. 1982 లో ఏకలవ్య యను సంస్థ ఏర్పడి ఆ భారమును వహించెను.

ఆ 1978 లోనే అరవింద గుప్త యను ఇంజనీరు ఆ జిల్లాకు వచ్చి, సైకిలు వాల్వుట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలను కూర్చి ఆకృతులు కట్టించెను. మూడు పుల్లల త్రిభుజము నొక్కినను చెదరదు. నాలుగు పుల్లల చతురస్రము నొక్కగనే ప్రక్కకు ఒరుగును. ఇంటి కప్పునకు వడ్రంగి కఱ్ఱలను త్రికోణముగ నేల బిగించునో ఆ క్షణమున పిల్లవానికి బోధపడును. ఆయనకు 2018 లో పద్మశ్రీ పురస్కారము లభించినది.

ముప్పదియేండ్లు నడచిన ఆ కార్యక్రమము 2002 లో రాష్ట్ర ప్రభుత్వ ఉత్తరువుచే ఆగిపోయినది. ఇది విచారింపవలసిన విషయము. ఒక్క కాగితముతో నిలిచిపోవునది పాఠశాలలోని పద్ధతి మాత్రమే. చేసి చూచిన పిల్లల బుద్ధి నిలిచిపోదు. కావున ఇట్టి విద్యకు ఒక కాలు బడిలో నున్నను, రెండవ కాలు గ్రామములో నుండవలెను. బడిలోని కాలు జాఱినప్పుడు గ్రామములోని కాలు నిలబెట్టవలెను.

గ్రామములోని ఏ ఇంటనైనను చేయదగిన ప్రయోగములు మూడు చాలును. మొదటిది పసుపు. పసుపునీటిలో సున్నము కలిపిన ఎఱ్ఱబడునని హారతి పళ్లెము పట్టిన ప్రతి తల్లికిని తెలియును. ఆ యెఱ్ఱని నీటిలో నిమ్మరసము పిండినచో మరల పచ్చబడును. సబ్బునీరు, చింతపులుసు, మజ్జిగ, వంటసోడా నీరు ఒక్కొక్కదానిని పసుపు పూసి ఆరబెట్టిన కాగితముపై చుక్కలుగ వేసి పిల్లలు పట్టిక వ్రాయవలెను. క్షారమనగానేమో ఆ కాగితము చెప్పును.

రెండవది లోలకము. దారమునకు రాయి కట్టి, వ్రేలాడదీసిన చోటినుండి రాతి నడిమివఱకు ఒక మీటరుండునట్లు చూచి, కొంచెముగ ఊపవలెను. పదిసార్లు పోయి వచ్చుటకు సుమారు 20 సెకండ్లు పట్టును. బరువైన రాయి కట్టినచో వేగము పెరుగునని పిల్లలు పందెము వేయుదురు. పెరుగదు. దారమును పావుమీటరు చేసినచో పది ఊపులకు 10 సెకండ్లే పట్టును. పొడవు నాల్గవవంతైనచో కాలము సగమగును. పందెము ఓడినవాడే ఈ నియమమును గట్టిగ జ్ఞాపకముంచుకొనును.

మూడవది శంకువు. సూర్యసిద్ధాంతాది గ్రంథములలో చెప్పబడిన సాధనమిది. చదునైన నేలపై నిలువుగ కఱ్ఱ నాటి, దాని చుట్టును వృత్తము గీయవలెను. ఉదయమున నీడ కొన వృత్తమును తాకి లోపలికి వచ్చిన చోటను, సాయంకాలమున తాకి వెలుపలికి పోయిన చోటను గుర్తులు పెట్టి కలిపినచో తూర్పు పడమర రేఖ ఏర్పడును. ఏడాది పొడుగునను మధ్యాహ్నపు నీడను కొలిచినవారికి మఱియొక వింత కనబడును. తెలుగునాట ప్రతి యూరను, వేసవిలో ఒకనాడును, వానకాలములో ఒకనాడును మధ్యాహ్నవేళ నీడ అదృశ్యమగును. ఆ రెండు దినముల నడుమ నీడ దక్షిణముగ పడును. నిత్యము తలపై తిరుగు సూర్యుని ఎందఱు ఇట్లు గమనించినారు?

ఇందు వర్జింపవలసినవి కొన్ని కలవు. ప్రదర్శనము ముందునాడు అంగడిలో సిద్ధముగ దొరకెడి నమూనాను కొని తెచ్చి బిడ్డ చేతికిచ్చుట విద్య కాదు. అది పెండ్లికి అద్దె నగ వంటిది. 2016 నుండి ప్రభుత్వము పాఠశాలలలో అటల్ టింకరింగ్ ప్రయోగశాలలను స్థాపించుచున్నది. సంతోషమే. కాని యంత్రము చెడునను భయముతో బీరువాకు తాళము వేసినచో, యంత్రమున్న బడికిని లేని బడికిని భేదముండదు. బాలురు పరికరములు పట్టగా బాలికలచేత పట్టికలు మాత్రము వ్రాయించుట న్యాయము కాదు; అందఱి చేతులును పనిచేయవలెను. నిప్పు, ఆమ్లములు పెద్దలయెదుటనే వాడవలెను. విద్యుత్తు పాఠమునకు టార్చి సెల్లు చాలును. ఇంటి కరెంటు జోలికి పోరాదు.

పుస్తకముల కోవెలయగు గ్రంథాలయమునకు ఈ పరికరములతో పనియేమని శంకింపవచ్చును. ఇంగ్లండునందు మైకేల్ ఫారడే పేద కమ్మరి కుమారుడు. పదునాలుగవ యేట పుస్తకములకు అట్టలు కట్టువాని కడ పనికి కుదిరెను. బైండు చేయుటకు వచ్చిన పుస్తకములను చదివెను. అందు వ్రాసినది నిజమో కాదో తనకున్న కొద్ది పైసలతో వస్తువులు కొని, చేసి చూచెను. 1831 లో అయస్కాంతముచే విద్యుత్తు పుట్టించు మార్గమును కనుగొనినవాడాయనయే. నేడు విద్యుత్కేంద్రములలో తిరుగు జనరేటర్లకు మూలమదియే. పుస్తకము లేనిచో ఆయనకు దారి తెలియదు. చేయి లేనిచో దారి నడువడు.

కావున రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయమున, పుస్తకముల బీరువా ప్రక్క ఒక పెట్టె వెలయుగాక. అందు భూతద్దము, అయస్కాంతము, చిన్న త్రాసు, కొలతటేపు, ఉష్ణమాపకము, రాగితీగ, సెల్లు, బల్బు ఉండిన చాలును. పుస్తకమువలెనే వానిని పద్దు వ్రాసి పిల్లలకు ఎరువియ్యవచ్చును. ఒక ప్రశ్నల పుస్తకము బల్లపై నుండవలెను. జవాబు చెప్పుటకు ఉపాధ్యాయులతోపాటు వడ్రంగిని, కుమ్మరిని, మోటారు బాగుచేయువానిని పిలువవలెను. వారి చేతులలోని శాస్త్రము తక్కువది కాదు. భూతద్దము పగిలినచో పిల్లవానిని దండింపరాదు. చదువగా చినిగిన పుస్తకమునకు అట్ట వేయింతురే గాని, చదివినవానిని ఎవరును నిందింపరు గదా.

ఇరువదియైదేండ్లుగ గ్రామమునకు చదువు నలవరచిన ఈ గ్రంథాలయము, రానున్న కాలమున చేసి చూచుటయు నలవరచి, స్వర్ణోత్సవము నాటికి శంకువు నాటి నీడను కొలిచిన పెద్దలతో నిండిన సభను కనుగాక!