కింద గ్యాసు సర్కారుది, పైన చెట్టు ఆసామిది

(రాజోలులో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను గ్యాసు గురించి చెప్పమన్నారు. నేను ఇంజినీరుని కాదు, బడిలో సాంఘికశాస్త్రం చెప్పుకునే పంతుల్ని. మా నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. అమ్మ నాట్లకీ కోతలకీ వెళ్లేది. మా ఇంట్లో డిగ్రీ కాయితం చూసింది నాతోనే మొదలు. కాబట్టి మీరు కళ్లతో చూసిందానికి చట్టం కాయితాల్లో ఏం రాసుందో కలిపి చెబుతాను, అంతే.

1995 జనవరి 8న పాసర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి తవ్వుతుంటే గ్యాసు ఎగదన్ని అంటుకుంది. మార్చి 15 దాకా, 65 రోజులు మండింది. ఆర్పడానికి అమెరికా నుంచి మనుషులు రావలిసొచ్చింది. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. మా పేట అక్కడికి దూరమే, అయినా రాత్రిళ్లు ఆకాశం ఎర్రగా ఉండేది. మా ఇంటికి అప్పటికింకా కరెంటు లేదు. కిరసనాయిలు బుడ్డి ఆర్పేసినా గోడమీద నీడలు కనబడేవి. అమ్మ బియ్యం, బట్టలు మూటకట్టి గుమ్మం దగ్గర పెట్టింది. రోజూ ఆ మూటలోంచే బియ్యం తీసి వండి, మళ్లీ ముడేసేది.

ఆ రెండు నెలలూ నాన్నకి ఆ వైపు తోటల్లో దింపు పని లేదు. చెట్టు మాడితే చెట్టుకి ఇంత అని లెక్క రాసేరు. చెట్టెక్కే మనిషికి లెక్క లేదు. ఎవర్నడగాలో కూడా మాకు తెలీదు. ఈ మాట నేను ముప్పై ఏళ్లుగా మోస్తున్నాను. ఇవాళ దించుకోడానికే వొచ్చేను.

నగరం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2014 జూన్ 27, తెల్లారుజామున గెయిల్ గొట్టం పేలింది. ఇరవైమందికి పైగా చనిపోయేరు. నిద్దర్లో ఉన్నవాళ్లు నిద్దర్లోనే కాలిపోయేరు. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో నీరు కలిసిన తడి గ్యాసు పంపేరనీ, గొట్టం లోపల తుప్పు తినేసిందనీ విచారణలో తేలింది. అంటే అది దేవుడి పనీ కాదు, టీ పొయ్యి వెలిగించినోడి తప్పూ కాదు. ఆ రోజుల్లో కొందరు పొయ్యి మీదకే తోసేసేరు, గుర్తుందా?

సరే, ఈ గ్యాసు ఎవరిది? 2010 మే 7న రిలయన్స్ అన్నదమ్ముల తగువులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ సంపద ప్రజలది, ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమే అంది. మాట బాగుంది. ఆ ప్రజల్లో మన పేట ఉందా లేదా అన్నదే నా ప్రశ్న. సముద్రంలో దొరికింది రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం కేంద్రానిది. నేలమీద బావుల్లో దొరికిందానికి రాయల్టీ రాష్ట్రానికి వెళ్తుంది. పంచాయతీకి ఇంత వాటా అని ఆ చట్టంలో ఎక్కడా లేదు.

రిలయన్స్ డి6 గ్యాసు 2009లో గాడిమొగ దగ్గర ఒడ్డెక్కింది. కాకినాడ నుంచి గుజరాత్‌లో భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల గొట్టం వేసేరు. గ్యాసు మనకి పక్కనే ఉంది కదా అని వేమగిరిలో, జేగురుపాడులో, రావులపాలెం దగ్గర దేవరపల్లిలో కరెంటు ప్లాంట్లు కట్టేరు. డి6లో గ్యాసు అనుకున్నంత రాలేదు. 2013 నాటికి ప్లాంట్లు మూలబడ్డాయి. ఎంతుందో సరిగ్గా తెలీకుండా అందరికీ పంచేసేమన్న సర్కారు ఇది. మన ఇంటి స్థలం పట్టా దగ్గర మాత్రం సెంటు తేడా వొస్తే ఒప్పుకోరు.

ఇప్పుడు అసలు సంగతి, జాగర్తగా వినండి. 2015లో కేంద్రం గనుల చట్టం సవరించి ప్రతి గనుల జిల్లాకీ ఒక నిధి పెట్టింది. జిల్లా మినరల్ ఫౌండేషన్ అంటారు. గని నడిపేవాడు రాయల్టీకి అదనంగా, రాయల్టీలో మూడో వంతు మించకుండా, అందులో కట్టాలి. ఆ డబ్బు గనుల వల్ల నష్టపోయిన మనుషుల కోసం, ఊళ్ల కోసం. సింగరేణి బొగ్గు తీసే జిల్లాలకి ఆ నిధి ఉంది. మన గ్యాసుకి లేదు. ఎందుకంటే ఆ 1957 చట్టంలో మొదట్లోనే రాసుంది: ఖనిజం అంటే ఖనిజ నూనెలు తప్ప మిగతావి అని. చమురు, గ్యాసు ఆ ‘తప్ప’లో పోయాయి. ఒక్క మాటతో కోనసీమ మొత్తం బయట!

గొట్టాలకి వేరే చట్టం, 1962ది. దాని ప్రకారం భూమి ఆసామిదే, వాడుకునే హక్కు మాత్రం సర్కారు తీసుకుంటుంది. అందుకు భూమి ధరలో నూటికి పది, పంట నష్టం వేరే. గొట్టం మీద ఇల్లు కట్టకూడదు, చెట్టు నాటకూడదు. కొబ్బరి సీమలో చెట్టు నాటకూడదంటే ఆసామికి ఆ నూటికి పదైనా ఉంది. ఆ తోటలో ఏడాదికి ఇన్నిసార్లు దింపు తీసే మాలపేట మనిషికి, పీచు ఒలిచే మాదిగ ఆడకూతురికి ఏముంది? చేను నోటి కౌలుకి చేసేవాడికి? 2019 కౌలు చట్టం కింద కార్డు కావాలంటే ఆసామి ఒప్పుకోవాలి. నష్టం పంచుకోవలిసొస్తుందని తెలిస్తే ఆయనెందుకు ఒప్పుకుంటాడు?

మనవాళ్లలో కొందరు అసలు గ్యాసే తియ్యొద్దంటారు. కొందరు మా కుర్రాడికి ఉద్యోగం ఇస్తే చాలంటారు. ఉద్యోగమంటే కాంట్రాక్టరు కింద వాచ్‌మన్ పనే కదా. నేను ఇద్దరితోనూ తగువు పెట్టుకోను. తీసినా మానినా, లెక్కలో మనిషి ఉండాలి, ముందది తేల్చండి అంటాను. బాబాసాహెబు 1942 నుంచి 46 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరు. కరెంటు, నీటిపారుదల ఆయన చేతికిందే నడిచాయి. మనవాళ్లకి కరెంటు, గనులూ మన విషయం కాదనిపిస్తుంది. ఆయనకలా అనిపించలేదు. 2022లో జిల్లాకి ఆయన పేరు పెడతామంటే అమలాపురంలో ఇళ్లు తగలబెట్టేరు. పేరు నిలిచింది. ఆ పేరున్న జిల్లాకి గ్యాసు నిధి అడిగే పని మనమీద పడింది.

ఏం చెయ్యాలంటారా. వచ్చే గ్రామసభకి పేటనుంచి ఇంటికొకరు వెళ్లండి. వెళ్లేముందే ఒక నోటుపుస్తకంలో రాయండి: బావికీ గొట్టానికీ దగ్గర్లో ఎవరెవరు కౌలు చేస్తున్నారు, ఎవరు దింపు తీస్తున్నారు, గట్టుమీద పట్టా లేని ఇళ్లెన్ని. పిల్లలు రాస్తారు, చదువుకునేది అందుకే. గొట్టం ఎక్కడెక్కడ పోతుంది, ఎప్పుడు పరీక్ష చేసేరు, ప్రమాదమొస్తే ఏ దారిన పోవాలి, ఇవి సమాచార హక్కు కింద అడగండి. దారిద్ర్యరేఖకి దిగువనున్నవాళ్లకి ఫీజు లేదు. చమురుకీ గ్యాసుకీ కూడా జిల్లా నిధి పెట్టాలని, అందులో కౌలుదారు, కూలి పేరుండాలని తీర్మానం పెట్టించండి.

తీర్మానం రాసేక నకలు అడగండి. కార్యదర్శి సంతకం, పంచాయతీ సీలు పడాలి. “రాసేం లెండి, వెళ్లండి” అంటే లేవకండి.