ఎర్ర సిరా పెట్టేముందు



ఈ రోజు బీఈడీ పట్టాలు అందుకుని రేపు మీరు వెళ్లే బడిలో ఓ పిల్లాడు ఉంటాడు. వాన ఎలా కురుస్తుందని అడిగితే ఆవిరి దగ్గర్నుంచి మబ్బు దాకా గడగడా చెప్పేస్తాడు. పరీక్షలో అదే రాయమంటే రెండు లైన్లు దాటడు. ఆ రెండు లైన్లలోనూ ‘వర్షం’ కాస్తా ‘వషం’ అయి ఉంటుంది. నిన్న సరిగ్గా రాసిన మాటే ఇవాళ ఇంకోలా రాస్తాడు. స్టాఫ్ రూములో వాడి సంగతి ఎప్పుడో తేల్చేసి ఉంటారు: బద్ధకం, ఫోను పిచ్చి, తెలివుంది గానీ శ్రద్ధ లేదు.

1896లో ఇంగ్లండ్‌లో ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టరు ఇలాంటి పిల్లాడి గురించే వైద్య పత్రికలో రాశారు. పేరు పెర్సీ, వయసు 14. చూపు బాగుంది, తెలివికి లోటు లేదు. 785852017 అన్న సంఖ్యను ఇట్టే చదివేశాడు. తన పేరు మాత్రం అక్షరాలు తారుమారు చేసి రాశాడు, ఒకటికి రెండుసార్లు చెబితే తప్ప తప్పు కనిపెట్టలేకపోయాడు. పాఠాలన్నీ నోటితోనే జరిగితే బడిలో వీణ్ని మించినవాడు ఉండడని వాళ్ల మాస్టారే అన్నారట.

ఇలాంటి పిల్లల విషయంలో మన దేశంలో చట్టం కళ్లు తెరవడానికి చాలా కాలం పట్టింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉన్నాయి. 2016లో కొత్త చట్టం వచ్చి ఆ జాబితా 21కి పెరిగినప్పుడు గానీ, తెలివికి లోటు లేకున్నా చదవడం, రాయడం దగ్గర తడబడే ఈ అభ్యసన వైకల్యానికి చోటు దొరకలేదు. పిల్లల్లో దీన్ని వీలైనంత తొందరగా గుర్తించి, తగిన పద్ధతిలో చదువు చెప్పాలని ఆ కొత్త చట్టం 16వ సెక్షనులో ఉంది.

తొందరగా అంటే ప్రైమరీలోనే. కానీ మీలో ఎక్కువ మంది వెళ్లేది హైస్కూలుకి. అక్కడికొచ్చేసరికి ఈ పిల్లలు తప్పించుకునే విద్యలన్నీ నేర్చేసి ఉంటారు. చదివే వంతు వస్తోందనగానే బాత్రూముకి పర్మిషన్ అడుగుతారు. పక్కవాడు చదివింది విని అప్పజెప్పేస్తారు. కొందరు అల్లరి మొదలుపెడతారు. చదవడం రాదనిపించుకోవడం కంటే గోడ కుర్చీ వేయడమే నయం కదా! పైగా తెలుగులో చాలావరకు రాసినట్టే పలుకుతాం కాబట్టి, కూడబలుక్కుని చివరికి సరిగ్గానే చదివేసేవాళ్లూ ఉంటారు. అలాంటి చోట పట్టిచ్చేది తప్పులకన్నా ఆ నెమ్మదే.

ఒక్క జాగ్రత్త. ఇంట్లో ఇంగ్లిషు ముక్క వినబడని పిల్లలు ఇంగ్లిషు మీడియంలో తడబడితే, దానికి వైకల్యమని ముద్ర వేయకండి. ఇంటి భాషలో చదివించి చూడండి. చూపు, వినికిడి పరీక్ష చేయించమనండి. తేల్చాల్సింది నిపుణులు. మీరు చేయాల్సిందల్లా పిల్లాడు ఎలాంటి తప్పులు, ఎక్కడెక్కడ చేస్తున్నాడో తేదీలతో రాసి పెట్టడం. ఈలోగా వాణ్ని నలుగురి ముందూ నిలబెట్టి చదివించకండి, కొన్ని జవాబులు నోటితో చెప్పించుకుని మార్కులు వేయండి. ఇందుకు ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయానికి, బదులు రాసిపెట్టే మనిషికి మాత్రం సర్టిఫికెట్టు కావాలి. తల్లిదండ్రులు ఆఖరి నెలలో ఆస్పత్రుల చుట్టూ పరుగులు తీయకుండా ఎనిమిదో తరగతిలోనే పిలిచి మాట్లాడండి. అది ఏ ఆస్పత్రిలో, ఏ రోజుల్లో ఇస్తారో, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో ముందే కనుక్కుని ఉంచండి. కూలి మానుకుని వచ్చిన తండ్రికి ఇంకో రోజు పోకుండా ఉంటుంది.