అధికారం ఎడిన్‌బరోలో, తాళం లండన్‌లో

(జిల్లా రైతు సంఘం శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం రాష్ట్రాల హక్కులు, వ్యవసాయం. రాజ్యాంగం చదివి చెప్పగలిగినవాళ్ళు మన సంఘంలో ఉన్నారు. నేను పదో తరగతితో ఆపినవాణ్ణి, అందుకని చూసింది చెప్తాను. 2025 ఏప్రిల్, మే నెలలు స్కాట్లాండ్‌లో ఉన్నాను. అమ్మాయి పురుడు కోసం నేనూ మా ఇంటావిడా వెళ్ళాం. అల్లుడు డండీ అనే ఊళ్ళో పనిచేస్తాడు. పత్తి గింజ వేసే నాటికి తిరిగొచ్చేశాను లెండి, పొలం ఎవరికీ అప్పజెప్పలేదు.

స్కాట్లాండ్ అంటే వేరే దేశమా, రాష్ట్రమా అని చాలామంది అడిగారు. బ్రిటన్‌లో ఒక భాగం అది. జనాభా 55 లక్షలు, మన పెద్ద జిల్లాలు రెండు కలిపితే అంత. 1997లో జనాన్ని ఓటు అడిగితే నూటికి 74 మంది మాకు సొంత శాసనసభ కావాలన్నారు. 1999 నుంచి ఎడిన్‌బరోలో 129 మంది సభ్యులతో అది నడుస్తోంది. వైద్యం, చదువు, వ్యవసాయం, పోలీసు, మంచినీళ్ళు వీళ్ళ చేతిలో ఉంటాయి. సైన్యం, విదేశాంగం, వీసాలు, విదేశీ వ్యాపార ఒప్పందాలు లండన్ చేతిలో ఉంటాయి. తెలంగాణ కోసం రోడ్ల మీద కూర్చున్న మనకి ఈ ఏర్పాటు ఇట్టే అర్థమవుతుంది.

మనవరాలు పుట్టకముందే ఇంటికి ఒక పెద్ద అట్టపెట్టె వచ్చింది. అందులో బట్టలు, దుప్పటి, జ్వరం చూసే థర్మామీటరు, పుస్తకాలు. ఆ పెట్టెలోనే పరుపు ఉంది, పాపను అందులోనే పడుకోబెట్టొచ్చు. ధనికులా పేదలా అని చూడరు, అక్కడ ఉండే ప్రతి ఇంటి బిడ్డకూ ఇస్తారు. 2017 నుంచి ఇస్తున్నారట. డాక్టరు రాసిన మందులకు 2011 నుంచి డబ్బు తీసుకోరు. పక్కనే ఉన్న ఇంగ్లండ్‌లో ఒక్కో మందుకు దాదాపు పది పౌండ్లు కట్టాలి. స్కాట్లాండ్ పిల్లలకు అక్కడి యూనివర్సిటీలో ఫీజు లేదు, ఇంగ్లండ్‌లో ఏడాదికి తొమ్మిది వేల పౌండ్ల పైనే. పేద కుటుంబంలో పదహారేళ్ళ లోపు పిల్లలకు ఒక్కొక్కరికి 2025లో వారానికి 27 పౌండ్లు ఇచ్చేవాళ్ళు. ఇరవై రెండేళ్ళు నిండనివాళ్ళకు బస్సు ఉచితం. ఇంగ్లండ్‌లో 1989లో నీళ్ళ కంపెనీలను అమ్మేశారు, ఇక్కడ నీళ్ళ సంస్థ ఇప్పటికీ ప్రభుత్వానిదే.

ఇక్కడో మాట. మా అమ్మాయి, అల్లుడు ఆసుపత్రి కోసం వీసాతోపాటే మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు కట్టారు. ఆ రేటు పెట్టేది లండన్. స్కాట్లాండ్‌కి పనిచేసే చేతులు కావాలి, ఎవరిని రానివ్వాలో తేల్చేది మాత్రం వాళ్ళు కాదు.

అంతా బంగారం అనుకోకండి. ఆసుపత్రిలో ఆపరేషన్ కోసం నెలలు, కొందరు ఏడాది పైనే ఎదురుచూస్తారు. మాదకద్రవ్యాల చావుల్లో యూరప్ మొత్తంలో వాళ్ళదే ముందు వరుస. దీవుల్లో రైతులకు పడవే రోడ్డు, గొర్రెల్ని సంతకు తోలాలన్నా పడవే దిక్కు. 2015లో రెండు పెద్ద పడవలకు 9.7 కోట్ల పౌండ్లతో పని అప్పజెప్పారు. మొదటిది 2018లో రావాలి, 2025 జనవరిలో వచ్చింది. రెండోది 2025లో కూడా రాలేదు. ఖర్చు ఎన్నో రెట్లు పెరిగింది. మన ఎత్తిపోతల పథకాలు గుర్తొచ్చి నవ్వుకున్నాను, కానీ నవ్వే విషయం కాదు.

ఇక మన పని. డండీ చుట్టూ యాంగస్ అనే ప్రాంతం. ఆలుగడ్డ, అందులోనూ విత్తనపు గడ్డ పండించే నేల. చలి ప్రాంతం కాబట్టి పేనుబంక తక్కువ, వైరస్ తెగుళ్ళు తక్కువ, గడ్డ ఆరోగ్యంగా ఉంటుంది. జహీరాబాద్ వైపు ఆలుగడ్డ వేసేవాళ్ళకు మంచి విత్తనపు గడ్డ విలువ వేరే చెప్పక్కర్లేదు. అల్లుడి స్నేహితుడి ద్వారా ఒక రైతు దగ్గరకు వెళ్ళాను. నా వయసువాడే. ట్రాక్టరు ఆపి గట్టు మీద కూర్చుని మాట్లాడాడు, అల్లుడు తెలుగులో చెప్పాడు.

2016లో యూరప్ కూటమిలో ఉండాలా వద్దా అని బ్రిటన్ మొత్తానికి ఓటు పెట్టారు. స్కాట్లాండ్‌లో నూటికి 62 మంది ఉండాలన్నారు. 32 స్థానిక మండళ్ళలో ఒక్కదాంట్లో కూడా వద్దన్నవాళ్ళు గెలవలేదు. బ్రిటన్ మొత్తం లెక్కలో మాత్రం 52, 48 తేడాతో వద్దన్నారు, బయటికి వచ్చేశారు. 2021 జనవరి నుంచి స్కాట్లాండ్ విత్తనపు గడ్డను యూరప్ కొనడం ఆగిపోయింది. గడ్డకు తెగులు రాలేదు, రైతు తప్పు చేయలేదు. డిసెంబరులో మంచిదైన గడ్డ జనవరికి పనికిరానిదైంది. వాళ్ళ ప్రభుత్వం యూరప్ నియమాలనే పాటిస్తామని 2021లో చట్టం కూడా చేసుకుంది. బ్రస్సెల్స్‌లో ఆఫీసు నడుపుతోంది. కానీ సంతకం పెట్టే హక్కు దానికి లేదు. మేం అక్కడ ఉండగానే మే 19న లండన్‌లో బ్రిటన్, యూరప్ పెద్దలు కూర్చుని ఆహారం, మొక్కల ఆరోగ్యం మీద ఒప్పందం చేసుకుందామని అనుకున్నారు. ఆ రైతుకు ఆశ కలిగింది. అదే రోజు యూరప్ పడవలు 2038 దాకా బ్రిటన్ సముద్రంలో చేపలు పట్టుకోవచ్చని ఒప్పుకున్నారు. అక్కడి మత్స్యకారులు మండిపడ్డారు. రెండు బేరాల్లోనూ ఎడిన్‌బరోను గదిలో కూర్చోబెట్టలేదు.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో లండన్ చేసుకున్న ఒప్పందాలు 2023 మే 31న అమల్లోకి వచ్చాయి. అక్కడి గొర్రె మాంసం, గొడ్డు మాంసం వస్తే కొండల్లో పెంచుకునే మేమేం కావాలని రైతులు అడిగారు. వాళ్ళ సాగుభూమిలో నూటికి 85 వంతులు పంటకు అంతగా పనికిరాని నేల, గొర్రె, ఆవు తప్ప బతుకు లేదు. మనకూ ఇది దూరం కాదు. జూలై 24న మన కేంద్రం బ్రిటన్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టింది. స్కాచ్ విస్కీ మీద సుంకం 150 నుంచి 75కు, పదేళ్ళలో 40కి దిగుతుంది. బార్లీ పండించే స్కాట్లాండ్ రైతుకు అది మంచిదే కావచ్చు. పాల ఉత్పత్తులను ఈసారి పక్కన పెట్టారు, సంతోషం. రేపు ఇంకో దేశంతో బేరంలో ఏం పెడతారో? వ్యవసాయం రాష్ట్ర జాబితాలో ఉందని చదువుకున్నాం. మన రాష్ట్రాన్ని అడిగారా?

డబ్బు సంగతి. యూరప్‌లో ఉన్నప్పుడు రైతుకు సాయం బ్రస్సెల్స్ ఇచ్చేది. ఇప్పుడు లండన్ నుంచి ఏడాదికి దాదాపు 62 కోట్ల పౌండ్లు, మన లెక్కలో ఏడు వేల కోట్ల రూపాయల పైమాట. మొన్నటిదాకా అది వ్యవసాయానికేనని విడిగా కట్టి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు మొత్తం నిధుల్లో కలిపేశారు. ఇకమీద పెంచితే జనాభా లెక్కన పెంచుతారు. బ్రిటన్ వ్యవసాయ సాయంలో స్కాట్లాండ్‌కు నూటికి 17 దాకా వస్తోంది, జనాభా లెక్కన చూస్తే ఎనిమిదే. ఆ తేడా ఎవరి ఇంట్లోంచి పోతుందో ఆలోచించండి. ఇంగ్లండ్ ఎకరాల లెక్కన ఇచ్చే సాయాన్ని ఎత్తేస్తోంది. స్కాట్లాండ్ ప్రభుత్వం దాన్ని ఉంచింది. అది ఆ ప్రభుత్వానికి నేనిచ్చే పెద్ద మార్కు.

నన్ను ఎక్కువగా పట్టింది మాత్రం ఇంకోటి. ఆ రైతు చేసే పొలంలో సగం కౌలుదే. సాయం ఎవరికొస్తుందని అడిగాను. దున్నేవాడికి, అన్నాడు. ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. వాళ్ళకీ గతంలో దొంగదారులున్నాయి. సాగు మానేసి ఇంట్లో కూర్చుని పాత హక్కుల మీద డబ్బు తీసుకున్నవాళ్ళను అక్కడ చెప్పుల రైతులు అనేవాళ్ళు, అంటే ఇంట్లో వేసుకునే చెప్పులతో పొలం చేసేవాళ్ళని. రైతులు గొడవ చేస్తే 2015లో నియమాలు మార్చారు. ఉత్తరాన కొండల్లో, దీవుల్లో కౌలుదార్ల కథ ఇంకా పాతది. గొర్రెల కోసం భూస్వాములు ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేయించారు. 1882లో స్కై దీవిలో బ్రేస్ అనే చోట ఆడవాళ్ళు రాళ్ళు పట్టుకుని పోలీసుల్ని ఎదిరించారు. నాలుగేళ్ళకు, 1886లో చట్టం వచ్చింది. శిస్తు కడుతున్నంత కాలం కౌలుదారును తీసేయకూడదు, కౌలు వారసులకు పోతుంది, కౌలు ఎంతో న్యాయంగా తేల్చాలి. అయినా ఈనాటికీ ఆ దేశపు ప్రైవేటు భూమిలో సగం 500 మంది లోపు చేతుల్లోనే ఉంది. చట్టం రాగానే అంతా అయిపోదు.

నా సంగతి మీకు తెలుసు. సొంతం రెండెకరాలు, కౌలుకు నాలుగు. నాలుగెకరాలకూ కౌలు ముందే కట్టాను. పట్టాదారు హైదరాబాదులో ఉంటాడు, మంచివాడే, పండక్కి ఫోను కూడా చేస్తాడు. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు ఎకరాకు పంటకు నాలుగు వేలు, తర్వాత ఐదు, ఇప్పుడు భరోసా అని పేరు మార్చి ఆరు వేలు. అన్నీ ఆయన ఖాతాలోనే పడ్డాయి. వడగండ్లు పడితే రాసుకునేదీ ఆయన పేరే. ఇక్కడ తాళం ఢిల్లీలో లేదు. సాగుదారుకు గుర్తింపు కార్డు ఇవ్వాలని 2011లోనే ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసింది. ఆ చట్టాన్ని బయటికి తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సుంకాల మీద ఢిల్లీతో కొట్లాడదాం, వాటా కోసం కొట్లాడదాం, కానీ మన రాష్ట్రం తన చేతిలో ఉన్న పనిని చేయకుండా ఢిల్లీ వైపు వేలు చూపిస్తే ఒప్పుకోవద్దు.

అందుకని మధ్యాహ్నం చర్చకు గ్రామ కమిటీలు నోటుపుస్తకాలు తీయండి. మీ ఊళ్ళో కౌలుకు చేసేవాళ్ళ పేరు, సర్వే నంబరు, ఎకరాలు, ఏ పంట, కౌలు ఎంత, ఎన్నేళ్ళ నుంచి, ఇవి రాయాలి. పట్టాదారు పేరు రాయడానికి భయపడేవాళ్ళుంటే ఖాళీ ఉంచండి, బలవంతపెట్టొద్దు. ఆడవాళ్ళు కౌలు చేస్తుంటే వాళ్ళ పేరే రాయండి, మొగుడి పేరు కాదు. వచ్చే సోమవారం ప్రజావాణికి మండలాల వారీగా ఈ జాబితాలే పట్టుకెళ్తున్నాం.