బడి మూసినప్పుడు ఇంట చదువు

(విద్యాసంవత్సరారంభమున ప్రాథమిక తరగతుల తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఏటేట జూన్ మాసమున ఈ సభలో మేము హాజరును గూర్చియు, పుస్తకములను గూర్చియు మాటలాడుట వాడుక. ఈ పర్యాయము వేరొక విషయము చెప్పదలచితిమి. బడి తలుపులు మూతపడియుండగా కొత్త తరగతి చదువును చిన్నపిల్లలకు ఇంటిలో ఎట్లు మొదలు పెట్టవలెనని తల్లులు పలువురు మమ్ము అడిగిరి. అడుగుటకు కారణము కలదు. 2015 నవంబరు, డిసెంబరు మాసములలో వరదల వలన ఈ చెన్నపట్టణమున బడులు వారములకొలది మూతపడినవి. 2023 డిసెంబరున మిచౌంగ్ తుఫాను వచ్చి మరల ఇండ్లలో నీరు నిలిచినది. ఈ రెంటికి నడుమ కరోనా కాలము ఉండనే ఉన్నది. ఇట్టివి మరల రావని ఎవరు చెప్పగలరు?

కరోనా నాటి సంగతి కొంత వివరింపవలెను. 2020 మార్చి మధ్యలో బడులు మూసిరి. 25వ తేదీ నుండి దేశమంతట లాక్‌డౌను. జూన్ వచ్చినది, కొత్త తరగతులు పేరునకు మొదలైనవి, పిల్లలు మాత్రము రాలేదు. తమిళనాట ఒకటి మొదలు ఎనిమిది తరగతుల వారికి బడి తెరచినది 2021 నవంబరు 1వ తేదీన. అనగా 2020 జూన్‌లో ఒకటవ తరగతిలో చేరిన బిడ్డ పదునేడు నెలల పిమ్మట, రెండవ తరగతి బిడ్డగా, మొదటిసారి మా బడి మెట్లెక్కినది. 2022 జనవరిలో మరల మూసి ఫిబ్రవరి 1వ తేదీన తెరచిరి.

ఆ పదునేడు నెలలలో ప్రభుత్వమువారి కల్వి టీవీలో పాఠములు వచ్చినవి. అవి ప్రధానముగా తమిళమున వచ్చినవి. మంచి పాఠములే. మన పిల్లలును చూచిరి. 2006 నాటి చట్టము ననుసరించి తమిళము మన పిల్లలు నేర్వవలసిన భాష. చట్టము లేకున్నను ఈ గడ్డమీద బ్రతుకువారికి అది కావలయును. అయితే ఇక్కడ ఒక భేదము గమనింపుడు. బడి మూసినను తమిళ బిడ్డకు తన అక్షరము అంగడి బోర్డుమీదను, బస్సు నొసటను, గోడల మీదను కనబడుచునే ఉండును. మన పిల్లలలో చాలమందికి తెలుగక్షరము కనబడు చోటు బడి ఒక్కటే. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. ఆ వసతులున్న గదికే తాళము పడినప్పుడు ఇక మిగిలినది మన ఇల్లు.

బడి తెరచిన పిమ్మట మేము చూచినదేమన, పిల్లలు తెలుగు మాట మరువలేదు. అక్షరము మరచిరి. మొదట పోయినవి ఒత్తులు. తమిళ లిపిలో సాధారణముగా హల్లు నెత్తిన చుక్క పెట్టి, రెండవ హల్లును ప్రక్కన వ్రాయుదురు. మనవలె క్రింద వ్రాయరు. అందుచేత 'అమ్మ' అను మాటనే 'అమమ' అని వ్రాసిన బిడ్డలు కలరు. పిమ్మట పోయినవి గ, జ, డ, ద, బలు. తమిళమున క, గలకు అక్షరమొక్కటే గనుక 'గది' కాస్త 'కది' అయినది. మ, యలును ప, వలును కలగాపులగమైనవి గాని, వాటి దగ్గర తెలుగుదేశపు పిల్లలును తడబడుదురు. దానికి మేము దిగులు పడలేదు.

మరవని పిల్లలును కొందరుండిరి. వారి తల్లిదండ్రులందరు చదువరులా యన్నచో కారు. మా బడి తల్లిదండ్రులలో నగరపాలక సంస్థ పారిశుద్ధ్యపు పనివారు పలువురు. ఊరంతయు తలుపులు బిగించుకొన్న ఆ దినములలో తెల్లవారకమునుపే చీపురు పట్టి వీధికి పోయినవారు వారు. అట్టి ఒక తల్లికి తెలుగు మాటలాడుట వచ్చును, చదువ రాదు. ఆమె పని నుండి వచ్చి, స్నానము చేసి, వంట ముగించి, దీపము పెట్టు వేళకు ఒకే మూలలో ఒకే చాప పరచెడిది. "నాకు చెప్పవే, ఇదేమక్షరము?" అని కూతురిని అడిగెడిది. కూతురు పలకమీద వ్రాసి చూపవలెను, తల్లి దిద్దవలెను. తల్లి తప్పు వ్రాసినచో కూతురు కోపపడెడిది. బడి తెరచిననాడు ఆ బిడ్డకు ఒత్తులన్నియు వచ్చును. తల్లి మా రిజిస్టరులో తెలుగున సంతకము చేసినది. అంతకు ముందు వ్రేలిముద్ర.

ఇంకొక ఇంట తండ్రి మిక్కిలి శ్రద్ధగలవాడు. గోడకు కాలపట్టిక అంటించి, తొమ్మిది గంటల నుండి నాలుగు గంటల వరకు చదువు నడపబూనెను. గంట కొట్టుటకు పళ్లెము, గరిటె సయితము సిద్ధపరచెను. మూడవనాటికి పిల్లవాడును ఏడ్చినాడు, తల్లియు ఏడ్చినది, పళ్లెము వంటింటికి తిరిగిపోయినది. బడిలో నలుబదిమంది నడుమ కూర్చున్న బిడ్డ తన వంతు వచ్చువరకు సేద తీరును. ఇంట ఒంటరిగా కూర్చున్నవానికి ఎల్లప్పుడు తన వంతే. కావున ఐదారేండ్ల బిడ్డకు దినమునకు రెండు పర్యాయములు పావుగంట, ఏడెనిమిదేండ్ల వానికి అరగంట చాలునని మా అభిప్రాయము. అయితే ఆ పావుగంట ఏ దినమును తప్పరాదు.

మొదటి పది దినములు పుస్తకము తీయనే వలదు. పెద్దలు చావు కబురులు చెప్పుకొనుచుండగా మూల నాడుకొను బిడ్డ వినుట లేదని తలపరాదు. అడిగినదానికి పొట్టిగా నిజము చెప్పుడు. "బయట జబ్బున్నది, మనము లోపల ఉన్నాము, చేతులు కడుగుకొందము" అన్న చాలును. పిదప ఆటలు. వామనగుంటల పీటకు పదునాలుగు గుంటలు. చింతగింజలు పంచుచు పోయిన బిడ్డకు కూడిక, తీసివేత తెలియకుండనే వచ్చును. అష్టాచెమ్మాయు నట్టిదే. ముగ్గుల చుక్కలు లెక్కించి పెట్టించుడు. పళ్లెములో ఇసుక పోసి వ్రేలితో వ్రాయించుట మన వీధిబడుల నాటి పద్ధతి. దానికి ఖర్చు లేదు, తప్పు చెరుపుటయు సులభము.

మాట విషయమున ఒక మనవి. మన ఇండ్లలో తెలుగు, తమిళము కలిసియే నడచుచున్నవి. మేము దానిని తప్పు పట్టము. కాని 'కదవు మూయి', 'జన్నల్ తెరువు' అని వినుచు పెరిగిన బిడ్డ పుస్తకములో 'తలుపు', 'కిటికీ' చూచి ఇదే భాష యని అడుగుచున్నది. దినమునకు ఇంటిలోని రెండు వస్తువుల తెలుగు పేర్లు పలికించుడు. మీకు తోచకున్నచో అవ్వను అడుగుడు, ఆమెకు తెలియును. ఏ ఇంటి పెట్టెలోనైన పాత చందమామ లుండునేమో వెదకుడు. 1947 జూలైలో ఆ పత్రిక తెలుగునను, అంబులిమామ యను పేర తమిళమునను ఈ పట్టణమునుండియే వెలువడనారంభించినది. చదువ రాని తల్లియు బొమ్మ చూపి కథ చెప్పగలదు.

ఇక ఫోను. పెక్కిండ్ల నొక్కటే ఫోను, అదియు తండ్రితో పనికి పోవును. దానికై అప్పులు చేసినవారు కలరని విని మాకు బాధ కలిగినది. ఎనిమిదేండ్ల లోపు వానికి చేతితో వ్రాయుట ముఖ్యము. ఉపాధ్యాయురాలు పంపిన పాఠమును రాత్రి ఒకసారి వినిపించినను సరిపోవును.

ఇదంతయు ఏల చెప్పుచున్నామన, ఆ రెండేండ్లలో అక్షరము పోయిన పిల్లలలో కొందరిని తల్లిదండ్రులు పై జూన్‌లో వేరు మాధ్యమమునకు మార్చిరి. వారిని మేము నిందింపము. రాని చదువులో బిడ్డ వెనుకబడునను భయము ఏ తల్లికైన సహజమే. కాని నలుగురు మారినచో తరగతి చిన్నదగును, ఇంకను తగ్గినచో ఆ తరగతియే ఎత్తిపోవును. ఎత్తివేసిన తెలుగు తరగతిని తిరిగి తెరచుట ఎంత కష్టమో సంఘపు పెద్దలకు తెలియును.

అందుచేత ఈ యేడు ఒకటి, రెండు తరగతుల ప్రతి బిడ్డ ఇంటికి ఒక అట్టపెట్టె ఇచ్చుచున్నాము. అందులో పలక, బలపములు, వాచకము, ఒత్తుల పట్టిక, అక్షరముల అట్టముక్కలు ఉన్నవి. వాన నీరు తగులకుండ అటకమీద పెట్టుకొనుడు. సభ ముగిసిన వెంటనే క్రింది గదిలో సంతకము చేసి తీసికొనిపోవచ్చును. వ్రాయుట రానివారు బిడ్డను వెంట తీసికొని రావలెను, పేరు బిడ్డ వ్రాసి చూపును. పలక చట్రము వదులైయున్నచో ఇప్పుడే చూచి మార్చుకొనుడు.