లోపలి మ్యాప్ మారితే సీరియలైజర్ ఎందుకు పడిపోతుంది?

ఈరోజు ఒక మొండి బగ్ గురించి మాట్లాడుకుందాం. లోకల్‌లో వందసార్లు రన్ చేసినా ఇది కనపడదు. ప్రొడక్షన్‌లో మాత్రం సరిగ్గా రష్ టైమ్‌లో వస్తుంది.

ఒక టిఫిన్ సెంటర్ బిల్లింగ్ ప్రోగ్రామ్ జావాలో రాశాం అనుకోండి. బయట ఒక మ్యాప్, దాని కీ టేబుల్ నంబర్. ఒక్కో టేబుల్‌కి లోపల ఇంకో మ్యాప్: ఇడ్లీ 2, పెసరట్టు 1, అలా. ఆర్డర్లు వస్తుంటే కొన్ని థ్రెడ్‌లు వీటిని మారుస్తుంటాయి. కరెంటు పోయినా ఆర్డర్లు పోకూడదని ఇంకో థ్రెడ్ 5 సెకన్లకోసారి మొత్తాన్ని జాక్సన్‌తో జేసన్‌గా మార్చి ఫైల్‌లో రాస్తుంది.

ఒకరోజు లాగ్‌లో కాన్‌కరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్ కనిపించింది. ఎందుకొచ్చింది?

హ్యాష్‌మ్యాప్ లోపల మాడ్‌కౌంట్ అని ఒక లెక్క ఉంటుంది. కొత్త కీ చేరినా, ఉన్న కీ పోయినా అది పెరుగుతుంది. జాక్సన్ ఒక్కో ఎంట్రీ చదువుకుంటూ పోతుంటే, మధ్యలో ఆ లెక్క మారిందని ఇటరేటర్ గమనిస్తే ఎక్సెప్షన్ విసురుతుంది. 2 ఇడ్లీని 3 చేస్తే కీ పాతదే కాబట్టి ఏమీ అవదు. అదే టేబుల్‌కి కొత్తగా వడ చేరితేనే గొడవ. అందుకే ఈ బగ్ ఒకసారి వచ్చి ఇంకోసారి రాదు.

అరేలిస్ట్ అయితే ఇంకో రకం. జాక్సన్ ముందే సైజు చూసుకుని ఇండెక్స్‌తో చదువుతుంది. మధ్యలో ఐటమ్ తీసేస్తే ఇండెక్స్ దాటిపోయిందని ఎర్రర్ వస్తుంది. చేరిస్తే మాత్రం చప్పుడే ఉండదు, కొత్త ఐటమ్ ఆసారి ఫైల్‌లోకి రాదు, అంతే.

ఇప్పుడు అసలు ప్రమాదం చూడండి. ఆ 5 సెకన్ల పనిని షెడ్యూల్ ఎట్ ఫిక్స్‌డ్ రేట్‌తో పెట్టాం. ఆ పనిలోంచి ఒక్క ఎక్సెప్షన్ బయటికొచ్చిందా, ఇక ఆ పని మళ్ళీ నడవదు. ప్రోగ్రామ్ మాత్రం మామూలుగానే నడుస్తుంటుంది. ఉదయం 9 గంటలకి సేవ్ ఆగిపోతే, రాత్రి రీస్టార్ట్ చేసినప్పుడు గానీ తెలీదు!

కాబట్టి ముందు ఆ పని మొత్తాన్ని ట్రై క్యాచ్‌లో పెట్టి, క్యాచ్‌లో తప్పకుండా లాగ్ రాయండి. ఇది మందు కాదు, కట్టు మాత్రమే.

తర్వాత లాగ్‌లో రిఫరెన్స్ చైన్ చదవండి. ఏ టేబుల్, అందులో ఏ ఐటమ్ దగ్గర ఆగిందో జాక్సనే చెబుతుంది. దాన్నిబట్టి తప్పు బయటి మ్యాప్‌దా, లోపలిదా తేలిపోతుంది. బగ్‌ని రప్పించాలంటే ఒక థ్రెడ్ ఆగకుండా కొత్త కీలు పెడుతూ తీస్తూ ఉండాలి, ఇంకోటి 10,000 సార్లు సీరియలైజ్ చేయాలి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాట్లు మూడు. ఒకటి, బయటి మ్యాప్‌ని కాన్‌కరెంట్ హ్యాష్‌మ్యాప్ చేసి వదిలేయడం. లోపలిది మామూలు హ్యాష్‌మ్యాపే కదండీ! రెండు, బయటి మ్యాప్‌ని న్యూ హ్యాష్‌మ్యాప్‌తో కాపీ చేయడం. కాపీ అయ్యేది పై పొరే, లోపలి మ్యాప్‌లు రెండిటికీ ఉమ్మడే. మూడు, అన్‌మాడిఫయబుల్ మ్యాప్‌తో చుట్టడం. అది కాపీ కాదు, కిటికీ. అటువైపు మారితే ఇటు కూడా మారినట్టే.

మరి మందు ఏంటి? లోపలి మ్యాప్‌ని అసలు మార్చకండి, కొత్తది పెట్టండి. బయట కాన్‌కరెంట్ హ్యాష్‌మ్యాప్ ఉంచి, దాని కంప్యూట్ మెథడ్‌లో పాత మ్యాప్‌ని కాపీ చేసి, ఐటమ్ చేర్చి, మ్యాప్ డాట్ కాపీ ఆఫ్‌తో గడ్డకట్టించి ఇవ్వండి. ఇది జావా 10 నుంచి ఉంది. అప్పుడు సీరియలైజర్ చేతికి వచ్చిన మ్యాప్ ఇక మారదు.

అన్ని టేబుళ్లూ ఒకే క్షణానివి కావాలంటే ఇది చాలదు. అప్పుడు మార్చేవాళ్ళు, కాపీ చేసేవాళ్ళు ఒకే లాక్ వాడాలి. లాక్ లోపల అడుగుదాకా కాపీ తీసుకుని, జేసన్ పని లాక్ బయట చేయండి. లేకపోతే ఫైల్ రాసేంతసేపూ ఆర్డర్లు ఆగిపోతాయి.

చివరిగా ఒక్క మాట. ఎక్సెప్షన్ రాలేదంటే డేటా సరిగ్గా ఉందని కాదు. ఆ చెక్ చేతనైనంతవరకే పట్టుకుంటుంది, గ్యారంటీ లేదు. క్రాష్ అయిందంటే మనకి చెప్పి పడిపోయింది, అదృష్టం అనుకోండి.